భైరాన్‌పల్లి బురుజు, న్యూయార్క్ ఒప్పందం

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా బావ నన్నొక ప్రశ్న అడిగాడు. ఆయన రిటైర్డ్ సబ్ ఇన్‌స్పెక్టర్. తొంభైల్లో కరీంనగర్ జిల్లాలో పనిచేశాడు. స్టేషన్ చుట్టూ ఇసుక బస్తాలు, పొద్దుగూకితే లైట్లు ఆర్పేసి గోడ వెనక కూర్చోవడం, యూనిఫాం సంచిలో దాచుకుని బస్సెక్కడం, ఇవన్నీ అనుభవించినవాడు. ఇద్దరు తోటి ఉద్యోగుల పాడె మోశాడు. నేనేమో చాలా ఏళ్ళుగా టెక్సస్‌లో ఉంటున్నాను. మా ఇంట్లో తాళం వేసిన పెట్టెలో ఒక పిస్టల్ ఉంటుంది. అది బావకి అస్సలు నచ్చదు.

"మీ అమెరికోళ్ళు ప్రపంచానికంత నీతులు చెప్తరు గదా. తుపాకుల మీద ఒప్పందం అనంగనే ఎందుకు పక్కకు జరుగుతరు? చదువుకున్నోడివి, నువ్వు గూడ వాళ్ళ దిక్కే మాట్లాడ్తవేంది?"

ఆ రోజు అరిసెలు తింటూ చెప్పిన జవాబు నాకే సరిపోలేదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. నేను ఈ విషయంలో అమెరికన్ కన్సర్వేటివ్‌ల వైపే ఉన్నాను, అంటే అమెరికా ఆ ఒప్పందంలో చేరొద్దనే అంటాను. కానీ వాళ్ళు చెప్పే కారణాలన్నిటికీ కాదు.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. "ఐక్యరాజ్యసమితి వాళ్ళు ఇంటికొచ్చి తుపాకులు పట్టుకుపోతారు" అని ఇక్కడి గన్ షోలలో చాలాసార్లు విన్నాను. అది నిజం కాదు. దేశాల మధ్య ఆయుధాల అమ్మకాలకు నియమాలు పెట్టేది 2013 నాటి ఆయుధ వ్యాపార ఒప్పందం. దాని పీఠికలోనే, తన సరిహద్దుల లోపల ఆయుధాల్ని ఎలా నియంత్రించుకోవాలో ఆ దేశమే నిర్ణయించుకుంటుందని రాసుంది. ఆటల కోసం, సంస్కృతిలో భాగంగా చట్టబద్ధంగా తుపాకి ఉంచుకోవడాన్ని కూడా అది గుర్తించింది. పైగా ఏ ఒప్పందమైనా అమెరికా రాజ్యాంగాన్ని దాటిపోలేదని 1957లోనే ఇక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. సెనేట్‌లో మూడింట రెండొంతుల ఓట్లు రాకుండా అసలు ఒప్పందం ఆమోదమే పొందదు. కాబట్టి ఆ భయాన్ని పట్టుకుని వాదించేవాళ్ళు తమ వాదాన్ని తామే పలచన చేసుకుంటున్నారు. నా బాధ అది కాదు.

ఈ కథ 2001 జూలై 9న న్యూయార్క్‌లో అందరి కళ్ళలో పడింది. చిన్న ఆయుధాల అక్రమ వ్యాపారం మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన సదస్సు అది. చిన్న ఆయుధాలంటే పిస్టళ్ళు, రైఫిళ్ళు, మెషిన్ గన్‌లు, మనిషి మోయగలిగిన ఆయుధాలు. ఆఫ్రికాలో తొంభైలంతా రక్తం పారించినవి ఇవే. బుష్ ప్రభుత్వం తరఫున జాన్ బోల్టన్ లేచి, ఏమేం ఒప్పుకోమో ముందే చెప్పేశాడు. చట్టబద్ధమైన తయారీకీ వ్యాపారానికీ సంకెళ్ళు వేయొద్దు. పౌరుల చేతిలో తుపాకి ఉండకూడదనే మాట వద్దు. ప్రభుత్వాలకు తప్ప ఇంకెవరికీ ఆయుధాలు అమ్మకూడదనే షరతు వద్దు. రెండు వారాల తర్వాత వచ్చిన కార్యాచరణ పత్రంలో పౌరుల తుపాకుల మాటా లేదు, ప్రభుత్వేతర బృందాల మాటా లేదు. ఆఫ్రికా దేశాలు చాలా నిరాశపడ్డాయి. వాళ్ళ నిరాశను నేను తేలిగ్గా తీసుకోను. పాతిపెట్టుకున్నది వాళ్ళ పిల్లల్ని.

2006లో ఆయుధ వ్యాపారం మీద ఒప్పందం కోసం పని మొదలుపెట్టాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో (జనరల్ అసెంబ్లీలో) ఓటు పెడితే 153 దేశాలు ఔనన్నాయి, వద్దన్నది ఒక్క అమెరికానే. 2009లో ఒబామా ప్రభుత్వం వచ్చాక వైఖరి మారింది, కానీ ఒక షరతు మీద: అందరి ఏకాభిప్రాయంతోనే ముందుకెళ్ళాలి. 2013 మార్చిలో ఇరాన్, సిరియా, ఉత్తర కొరియా అడ్డం తిరిగాయి. ఏకాభిప్రాయం కుదరలేదు. వెంటనే దాన్ని సర్వసభ్య సభకు తీసుకెళ్ళి ఏప్రిల్ 2న ఓటింగ్‌తో గట్టెక్కించారు. అనుకూలంగా 154, వ్యతిరేకంగా 3, తటస్థంగా 23. ఆ 23లో రష్యా, చైనాలతో పాటు మన ఇండియా కూడా ఉంది. అమెరికా ఆ సెప్టెంబర్‌లో సంతకం పెట్టింది, సెనేట్ మాత్రం ఆమోదించలేదు. 2019 ఏప్రిల్‌లో ఇండియానాపోలిస్‌లో, తుపాకి హక్కుల కోసం పోరాడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ సభలో నిలబడి ట్రంప్ ఆ సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు చెప్పాడు.

ఏకాభిప్రాయం అని మాటిచ్చి, అది కుదరనప్పుడు ఓటు పెట్టడం నాకు చిన్న విషయంగా అనిపించదు. అడ్డుపడ్డ మూడు ప్రభుత్వాలూ దుర్మార్గమైనవే, ఒప్పుకుంటాను. కానీ పద్ధతి మనకు నచ్చనివాడు అడ్డుపడ్డప్పుడు కూడా నిలబడాలి.

ఇప్పుడు అసలు విషయం. ఆయుధాల మీద అంతర్జాతీయ నియమం కాగితం మీద అందరికీ సమానంగా కనబడుతుంది. నేల మీద అది ఎప్పుడూ ఎవరో ఒకరి వైపు మొగ్గుతుంది. ఎక్కువసార్లు, అప్పటికే ఆయుధాలున్నవాడి వైపు. నాకు ఇది అర్థమైంది బోస్నియా వల్ల, తొంభైల్లో యూరప్‌లో యుగోస్లావియా ముక్కలైనప్పుడు అక్కడ జరిగిన యుద్ధం వల్ల.

1991 సెప్టెంబర్‌లో భద్రతా మండలి యుగోస్లావియా మొత్తానికీ ఆయుధాలు అమ్మకూడదని నిషేధం పెట్టింది. దానికి బెల్‌గ్రేడ్‌లోని యుగోస్లావ్ ప్రభుత్వమే ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకోదు? యుగోస్లావ్ సైన్యం గోదాములు, ట్యాంకులు, ఫిరంగులు చాలావరకు సెర్బుల చేతిలో ఉన్నాయి. మరుసటి ఏడాది బోస్నియా స్వతంత్ర దేశంగా ఐక్యరాజ్యసమితిలో చేరింది. నిషేధం మాత్రం దాని మీద అలాగే ఉండిపోయింది. ఒకడి చేతిలో ఫిరంగి, ఇంకొకడి చేతిలో వేట తుపాకి ఉన్నప్పుడు "ఇక ఎవరూ ఆయుధాలు కొనొద్దు" అంటే, ఆ మాట ఎవరికి తగులుతుంది?

1993 ఏప్రిల్‌లో బోస్నియాలోని స్రెబ్రెనిత్సా పట్టణాన్ని 'సురక్షిత ప్రాంతం' అన్నారు. మేం కాపాడతాం, మీ ఆయుధాలు మాకివ్వండి అని ఐక్యరాజ్యసమితి దళాలు అడిగితే అక్కడి ముస్లింలు కొన్ని ఇచ్చారు. 1995 జూలైలో సెర్బు సైన్యం మీదికొచ్చినప్పుడు, మేమిచ్చిన ఆయుధాలు మాకు తిరిగివ్వండి అని అడిగారు. ఐక్యరాజ్యసమితి తరఫున అక్కడున్న డచ్ దళం ఇవ్వలేదు. కొన్ని రోజుల్లో ఎనిమిది వేలమందికి పైగా మగవాళ్ళనీ, పిల్లల్నీ చంపేశారు.

ఈ ఒక్క సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. తుపాకులు ఇచ్చేసినవాళ్ళు చట్టాన్ని నమ్మినవాళ్ళు. నియమాన్ని పాటించిన ఊరే ఖాళీ అయింది.

అప్పట్లో అమెరికన్ సెనేట్‌లో రిపబ్లికన్ నాయకుడు బాబ్ డోల్ ఆ నిషేధాన్ని ఎత్తేయాలని ఏళ్ళ తరబడి పోరాడాడు. ఆయన ఒక్కడే కాదు, డెమోక్రాట్లలో కూడా చాలామంది కలిశారు. 1995 జూలై 26న సెనేట్ 69-29 తేడాతో ఔనంది. అప్పటికి స్రెబ్రెనిత్సా పడిపోయి రెండు వారాలు. క్లింటన్ ఆ బిల్లును వీటో చేశాడు. 1999లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ ఇచ్చిన నివేదికలో, ఆ నిషేధం అప్పటికున్న బలాబలాల్ని ఎక్కడివక్కడ గడ్డకట్టించడం తప్ప పెద్దగా ఏమీ చేయలేదన్న అర్థంలో ఐక్యరాజ్యసమితే రాసుకుంది. ఆ నివేదిక నిజాయితీని నేను గౌరవిస్తాను. కానీ అది చనిపోయినవాళ్ళకు నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

బావకి బోస్నియా దూరం. అందుకే ఆయనకు భైరాన్‌పల్లి గుర్తుచేశాను.

ఇప్పుడది సిద్దిపేట జిల్లా. మా తాత ఊరికి ఎక్కువ దూరం కాదు. చిన్నప్పుడు ఆయన వెంట వెళ్ళి ఆ బురుజు చూశాను. 1948లో రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్నప్పుడు భైరాన్‌పల్లి జనం రక్షక దళం కట్టుకున్నారు. బురుజు మీద కాపలా పెట్టారు. వాళ్ళ చేతుల్లో ఉన్నవి భర్మార్లు, వడిసెలలు, బరిసెలు. భర్మార్ అంటే గొట్టంలోంచి మందు కూరి పేల్చే నాటు తుపాకి. రజాకార్లను వాటితోనే తిప్పికొట్టారు. ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు నిజాం సైన్యాన్నీ ఫిరంగినీ వెంటబెట్టుకుని వచ్చారు. ఆ రోజు చనిపోయినవాళ్ళు వందకు అటూ ఇటూ. పక్కనే ఉన్న కూటిగల్ మీద కూడా అదే రోజు పడ్డారు. ఇంకో మూడు వారాలకు భారత సైన్యం వచ్చింది.

అదే ఏడాది సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ పైలట్, కరాచీ నుంచి విమానాల్లో నిజాంకి ఆయుధాలు చేరవేశాడు. ఇప్పుడు ఆలోచించండి. 'ప్రభుత్వాలకు తప్ప ఇంకెవరికీ ఆయుధాలు ఇవ్వకూడదు' అనే నియమం ఆనాడు ఉండి ఉంటే, ప్రభుత్వం ఎవరు? హైదరాబాద్‌లో కూర్చున్న నిజాం. 'ప్రభుత్వేతర బృందం' ఎవరు? బురుజు మీద భర్మార్ పట్టుకున్న మన రైతు. 2001లో బోల్టన్ ఆ షరతును ఎందుకు కాదన్నాడో వాషింగ్టన్ లెక్కలు వేరే ఉండొచ్చు. నాకు మాత్రం ఆ బురుజు గుర్తొచ్చింది.

ఇది విని బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మా కానిస్టేబుల్‌ను చంపింది గూడ భర్మారే. అది మర్చిపోకు."

మర్చిపోలేదు. బావ వాదంలో బలం ఉంది, అది భారత ప్రభుత్వ వాదం కూడా. 1995 డిసెంబర్ 17 రాత్రి పురూలియాలో ఆకాశం నుంచి పెట్టెలు రాలాయి. వందల ఏకే తుపాకులు, లక్షల తూటాలు. బల్గేరియాలో కొని, విమానంలో కరాచీ, వారణాసి మీదుగా తెచ్చి బెంగాల్ పల్లెల మీద జారవిడిచారు. అలాంటి దెబ్బ తిన్న దేశం 'ప్రభుత్వేతర బృందాలకు అమ్మొద్దు' అని గట్టిగా అడగడం న్యాయమే. 2013లో ఇండియా తటస్థంగా ఉండటానికి ఒక కారణం ఇదే: ఉగ్రవాదుల విషయంలో, ప్రభుత్వేతర బృందాల విషయంలో ఒప్పందం బలహీనంగా ఉంది. అమెరికన్ కన్సర్వేటివ్‌లకు ఏ షరతు ఎక్కువైందో, ఇండియాకు అదే తక్కువైంది. ఇద్దరూ ఒప్పందాన్ని అనుమానించారు, కానీ ఎదురెదురు దిక్కుల నుంచి. రెండు దేశాల్నీ నావి అనుకునే నాకు ఇది మనసులో ఇప్పటికీ పడుతున్న ముడి.

అయినా పురూలియానే చూడండి. ఆ ఆయుధాలు కొనడానికి చూపించింది బంగ్లాదేశ్ పేరుతో పుట్టించిన దొంగ పత్రం. అంటే ఆ రోజుకే 'చివరికి ఎవరు వాడతారో రాసివ్వాలి' అనే నియమం ఉంది. నియమం ఉంది కాబట్టే దొంగ కాగితం పుట్టింది. ముఖ్య నిందితుడు, డెన్మార్క్ వాడైన కిమ్ డేవీ, ముంబై విమానాశ్రయం నుంచే జారుకున్నాడు. 2011లో అతన్ని అప్పగించడం కుదరదని డెన్మార్క్ కోర్టు చెప్పింది. ఒక మిత్రదేశం, చట్టాన్ని గౌరవించే దేశం, కళ్ళముందున్న మనిషిని అప్పగించలేకపోయింది. మరో ఒప్పందం రాసుకుంటే ఇందులో ఏది మారేది?

ఇండియా చెప్పిన రెండో అభ్యంతరం నాకు ఇంకా నచ్చింది. అమ్మే దేశం ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపేయొచ్చు, కొనే దేశానికి మాత్రం దిక్కు లేదు అన్నది దాని సారం. ఇది మనకు అనుభవంలో ఉన్నదే. 1965 యుద్ధంలో అమెరికా సరఫరా ఆపేసింది. 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత విడిభాగాలు రాక మన నౌకాదళం సీ కింగ్ హెలికాప్టర్లు మూలన పడ్డాయి. ఆ ఆంక్షలు పెట్టింది అమెరికానే అని నాకు తెలుసు. ఇక్కడ ఓటు వేసేవాడిగా ఇది చెప్పడం సులువు కాదు, కానీ చెప్పాలి.

అమ్మే దేశాలు ఒప్పందంలో చేరితే వాటి ప్రవర్తన మారుతుందా అంటే, బ్రిటన్‌ను చూద్దాం. ఈ ఒప్పందం కోసం ముందు నిలబడిన దేశాల్లో అదొకటి. 2014లోనే ఆమోదించింది. మరుసటి ఏడాది యెమెన్ యుద్ధం మొదలైంది. సౌదీకి బ్రిటిష్ అమ్మకాలు ఆగలేదు. 2019 జూన్‌లో లండన్ అప్పీల్ కోర్టు ఆ లైసెన్సులు ఇచ్చిన పద్ధతి చట్టవిరుద్ధమని చెప్పాకే కొత్తవి ఆగాయి. 2020లో మళ్ళీ మొదలయ్యాయి. అవి ఎక్కువగా విమానాలు, బాంబులు, చిన్న ఆయుధాలు కావు. కానీ ఒప్పందం అదే, సంతకం అదే. కాసేపైనా చెయ్యి పట్టుకుని ఆపింది ఎవరు? బ్రిటన్ సొంత కోర్టు, తన దేశపు నిబంధనల ప్రకారం.

నిజానికి తుపాకులు కారిపోయే పెద్ద చిల్లు ఎక్కడుందో బావకి నాకంటే బాగా తెలుసు. 2008 ఫిబ్రవరిలో ఒడిశా నయాగఢ్‌లో మావోయిస్టులు పోలీసు ఆయుధాగారం మీద పడి ఒక్క రాత్రిలో వెయ్యికి పైగా తుపాకులు ఎత్తుకెళ్ళారు. 1997లో అల్బేనియాలో ప్రభుత్వం కూలిపోగానే సైనిక గోదాముల నుంచి లక్షల తుపాకులు జనం చేతుల్లోకి పోయాయి, వాటిలో చాలా తర్వాత కొసావోలో తేలాయి. 2021లో అఫ్ఘానిస్తాన్ చేజారినప్పుడు అమెరికా ఇచ్చిన ఆయుధాలు తాలిబన్లకు దక్కాయి, ఆ రకం ఎం4 రైఫిళ్ళు ఆ తర్వాత కశ్మీర్‌లో దొరికాయి. ఇవన్నీ మొదట చట్టబద్ధంగా ప్రభుత్వం చేతిలో ఉన్నవే. 'ప్రభుత్వాలకు తప్ప' అనే షరతు వీటిలో ఒక్కదాన్నీ ఆపదు.

ఇక నా వాదానికి అన్నిటికంటే గట్టి ఎదురుదెబ్బ. అది మా ఇంటి పక్కనే ఉంది. టెక్సస్ నుంచి తుపాకులు మెక్సికోకి పోతాయి. అక్కడ పట్టుబడి, ఎక్కడివో ఆరా తీయమని మెక్సికో పంపినవాటిలో ఎక్కువ భాగం అమెరికాలో అమ్మినవే. మెక్సికో చట్టాలు చాలా కఠినం, ఆ దేశం ఒప్పందంలో కూడా ఉంది. అయినా అక్కడ మనుషులు చస్తున్నారు, మా దుకాణాల్లో కొన్న తుపాకులతో. 1997లో అమెరికా ఖండాల దేశాలు తుపాకుల స్మగ్లింగ్ మీద ఒక ఒప్పందం చేసుకుంటే క్లింటన్ సంతకం పెట్టాడు, సెనేట్ ఈనాటికీ ఆమోదించలేదు. దీనికి మా వాళ్ళు సిగ్గుపడాలి. "మా హక్కు" అంటూ పక్కింటి శవాల్ని చూడకపోవడం కన్సర్వేటివ్ ఆలోచన అనిపించుకోదు.

కానీ ఆ తుపాకులు సరిహద్దు దాటే పద్ధతి చూస్తే, మందు ఎక్కడుందో కూడా కనబడుతుంది. నేరచరిత్ర లేని ఒకడు దుకాణానికి వెళ్ళి, ఫారం నింపి, తన పేరున కొంటాడు. బయటికొచ్చి ఇంకొకడికి ఇచ్చేస్తాడు. ఇలా బినామీగా కొనడాన్ని పట్టుకోవడానికి చాలాకాలం ఇక్కడ సరైన ఫెడరల్ చట్టం లేదు, ఫారంలో అబద్ధం రాశాడన్న కేసు పెట్టేవారు. 2022 మేలో మా రాష్ట్రంలోనే ఉవాల్డీ బడిలో 19 మంది పిల్లలూ ఇద్దరు టీచర్లూ చనిపోయాక, కొత్త చట్టం వచ్చింది. బినామీ కొనుగోలును, తుపాకుల స్మగ్లింగ్‌ను అది సొంతంగా ఫెడరల్ నేరాలు చేసింది. రిపబ్లికన్ల తరఫున దాన్ని ముందుకు నడిపింది టెక్సస్ సెనేటర్ జాన్ కార్నిన్. హ్యూస్టన్‌లో సొంత పార్టీ సభలోనే ఆయన మాట్లాడుతుంటే జనం గోల చేశారు. అయినా నిలబడ్డాడు. సెనేట్‌లో 65-33తో చట్టం గట్టెక్కింది.

నేను ఎప్పటినుంచో చెప్పాలనుకుంటున్నది ఇదే. కార్నిన్ మీద కోపం చూపించడానికి మాకు ఒక సభ ఉంది, ఓడించడానికి ఒక ఓటు ఉంది. అలాంటి ఒత్తిడి కింద నిలబడి చేసిన చట్టానికి పోలీసు, ప్రాసిక్యూటర్, కోర్టు వెనకాల ఉంటాయి. న్యూయార్క్‌లో చేతులెత్తిన 154 మంది ప్రతినిధుల్లో ఏ ఒక్కరూ భైరాన్‌పల్లికి గానీ, స్రెబ్రెనిత్సాకు గానీ, మెక్సికోలోని హువారెజ్‌లో కొడుకును పోగొట్టుకున్న తల్లికి గానీ జవాబు చెప్పాల్సిన అవసరం లేదు. చెడ్డవాళ్ళని కాదు. వాళ్ళ ఉద్యోగం అలాంటిది.

అంతర్జాతీయంగా చేయాల్సింది లేదని నేననను. 2005లో ఒప్పుకున్న ఏర్పాటు ప్రకారం ప్రతి తుపాకి మీదా గుర్తు వేయాలి, దొరికినప్పుడు ఎక్కడిదో ఆరా తీయడానికి దేశాలు సహకరించుకోవాలి. దానికి అమెరికా కూడా ఒప్పుకుంది. బుష్ కాలంలో జోరందుకున్న కార్యక్రమం కింద అమెరికా సొమ్ముతో భుజం మీంచి పేల్చే క్షిపణులు ముప్పై వేలకు పైగా ధ్వంసం చేశారు. వాటిలో ఒక్కటి చాలు ప్రయాణికుల విమానాన్ని కూల్చడానికి. మిగులు ఆయుధాల్ని కరిగించడం, గోదాములకు గోడలు కట్టడం, తాళాలు వేయడం, లెక్క చూడటం. వీటికి డబ్బివ్వడానికి కన్సర్వేటివ్‌లు చాలా ఏళ్ళు పెద్దగా అడ్డుపడలేదు.

లెక్క అనగానే బావ ముఖం మారింది. తన స్టేషన్‌లో రోజూ పొద్దున ఆయుధాల గది తెరిచి ఎట్లా లెక్క చూసేవారో చెప్పాడు. ఒక్కొక్క రైఫిల్ బయటికి తీసి, మడమ మీద నంబరు పైకి చదవాలి, రైటర్ రిజిస్టర్‌లో టిక్కు పెట్టాలి, తూటాలు విడిగా ఎంచాలి. ఒక రోజు ఒక్క తూటా తక్కువైతే రాత్రి పదింటి దాకా ఎవర్నీ ఇంటికి పోనీయలేదట. అది బల్ల కింద చెక్కల సందులో దొరికింది. ముప్పై ఏళ్ళయినా తన రైఫిల్ నంబరు ఆయనకు నోటికొచ్చు. నాకు చెప్పి చూపించాడు.

"గట్ల లెక్క చూసేటోళ్ళు ప్రపంచమంతట ఉంటే ఏ ఒప్పందం అక్కర్లేదు," అన్నాడు. కాసేపాగి, "ఉన్నరా మరి?" అన్నాడు. ఆయన ఇప్పటికీ అమెరికా సంతకం పెట్టాలనే అంటాడు. వచ్చే సంక్రాంతికి మళ్ళీ మొదలవుతుంది.